మేడి పట్టిన చేతికి ఏ పిడి?

ప్రశ్న: మాది కడప జిల్లా, జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. పద్దెనిమిదేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను, అక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. ఏడాదిగా స్నేహితుడితో కలిసి షూటింగ్ రేంజికి వెళ్తున్నాను. పాత పద్ధతి సింగిల్ యాక్షన్ రివాల్వర్ ఒకటి సొంతంగా కొనుక్కోవాలని ఉంది. దుకాణంలో మూడు చూపించారు. చూడటానికి మూడూ ఒకేలా ఉన్నాయి, పిడులు మాత్రం మూడు రకాలు. మొదటిదానికి మామూలు వంపు. రెండోది పొడవుగా ఉంది, ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు వలయం) వెనుక చదరంగా ఉంది. మూడోదాన్ని బిస్లీ అన్నారు. తేల్చుకోలేక ఊరికే వచ్చేశాను. నా చేతులు చిన్నవి. సెలవులకు ఇంటికి వచ్చి ఫోటోలు చూపిస్తే మా నాన్న నవ్వి, 'ఇది మన మేడి కదరా' అన్నారు. ఇంకో రెండు సందేహాలు. పిడికి అటూ ఇటూ వేసే చెక్కలు మన ఎర్రచందనంతో చేయించుకోవచ్చా? మా తాతకు ఒకప్పుడు లైసెన్సు ఉండేది కాబట్టి ఇంటికి ఒకటి తేవచ్చు కదా అని నాన్న అడుగుతున్నారు, కుదురుతుందా?

సమాధానం: మీరు దుకాణంలో నిలబడి తేల్చుకోలేకపోయినదాన్ని మీ నాన్నగారు ఫోటో చూసి ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ మొదటి రకం పిడిని అమెరికావాళ్లు కూడా 'ప్లౌ హ్యాండిల్' అనే అంటారు. అంటే అచ్చంగా మేడి. కొడవలికి పిడి, గొడ్డలికి కామ, నాగలికి మేడి అని పనిముట్టును బట్టి పట్టుకు పేరు మార్చుకున్నవాళ్లం మనం. ఇంగ్లీషులో చాలావాటికి ఒకే మాట సరిపెట్టుకున్నవాళ్లు కూడా ఈ ఒక్క తుపాకీ దగ్గరికి వచ్చేసరికి నాగలినే తలచుకున్నారు. మిగతాదంతా ఆ పోలికలోంచే వస్తుంది కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోండి.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి. పదకొండేళ్లు అరిజోనాలో ఉద్యోగం చేసి, ఇప్పుడు కర్నూలులో స్థిరపడ్డాను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆదివారం పొద్దున రేంజికి వెళ్లడం అలవాటు. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఆయుధం కొబ్బరికాయలు కొట్టే కత్తి ఒక్కటే. కాబట్టి ఇది అమ్ముకునేవాడి సలహా కాదు, ఒకటి రెండు తప్పులు చేసి వేళ్లు వాచినవాడి సలహా.

తక్కిన పాఠకుల కోసం ముందుగా కొంచెం వివరం. సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, ఎత్తి ఉన్న హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టి పేల్చే సుత్తిని, వదలడం. ఆ హ్యామర్‌ను ప్రతి తూటాకూ బొటనవేలితో వెనక్కి లాగి నిలబెట్టాలి. లాగినప్పుడే తూటాలుండే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా బ్యారెల్ ఎదుటికి వస్తుంది. డబుల్ యాక్షన్‌లో ఈ పనులన్నీ ట్రిగ్గరే చేసేస్తుంది. అందుకే డబుల్ యాక్షన్ పిడి గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంచడానికి తయారైంది. సింగిల్ యాక్షన్ పిడికి వేరే పని ఉంది. తూటా పేలినప్పుడు తుపాకీ తన్నే తన్నును అది చేతిలో దొర్లించాలి, దొర్లిన తర్వాత హ్యామర్ బొటనవేలికి అందేలా నిలవాలి.

రేగడి నేలలో గుంటక తోలేటప్పుడు అడుగున రాయి తగిలితే మేడి ఎగురుతుంది. కొత్తగా పట్టినవాడు పళ్లు బిగించి అదిమిపెట్టబోతాడు, సాయంత్రానికి మణికట్టు పోతుంది. అలవాటున్న చెయ్యి పట్టు వదలదు, బిగించదు. మేడిని అరచేతిలోనే కొంచెం తిరగనిచ్చి మళ్లీ దారికి తెస్తుంది. ఆ మొదటి రకం పిడి కోరుకునేది కూడా ఇదే. కింది భాగం వెడల్పుగా, నడుము సన్నగా, వీపు నున్నగా ఉంటుంది. తూటా పేలగానే ముక్కు పైకి లేస్తుంది, పిడి అరచేతిలో జారి గుండ్రంగా తిరుగుతుంది, హ్యామర్ తానే బొటనవేలి దగ్గరికి వచ్చేస్తుంది. లాగుతూ కిందికి దించితే మళ్లీ గురి మీద ఉంటారు. చక్కగా అలవాటైనవాళ్లను వెనుక నుంచి చూస్తే తుపాకీని దులుపుతున్నట్టు కనిపిస్తుంది.

ఈ పిడి పుట్టుక తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. కోల్ట్ కంపెనీ 1873లో తెచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ మీద ఉన్నది కాబట్టి అందరూ అది ఆ ఏడాదే పుట్టిందనుకుంటారు. దాదాపు అదే పిడి 1851 నాటి నేవీ రివాల్వర్ మీద అప్పటికే ఉంది. నేవీ రివాల్వర్ .36 కాలిబర్‌ది (కాలిబర్ అంటే తూటా లావు, అంగుళాల్లో), నల్లటి తుపాకీమందుతో పేలేది, మెత్తగా తన్నేది. అంటే ఒక సాధు జంతువుకు వేసిన పగ్గాన్ని ఆ తర్వాత వచ్చిన ఎద్దులన్నింటికీ వేస్తూ పోయారు. .45 కోల్ట్ మామూలు తూటా దాకా ఆ పగ్గం బ్రహ్మాండంగా ఆగింది. మాగ్నం అనే మరీ గట్టి తూటాలు వచ్చాకే గొడవ మొదలైంది.

రూగర్ కంపెనీ 1955లో బ్లాక్‌హాక్ అనే పేరుతో .357 మాగ్నం సింగిల్ యాక్షన్ తెచ్చింది. పిడి మాత్రం కోల్ట్ కొలతల్లోనే ఉంది. మరుసటి ఏడాదే .44 మాగ్నం కూడా అదే చిన్న పిడి మీద వచ్చింది. కాల్చినవాళ్లు నొప్పితో చేతులు విదిలించుకున్నారు. దాంతో 1959లో సూపర్ బ్లాక్‌హాక్ అని పొడవాటి పిడితో, ట్రిగ్గర్ గార్డు వెనుక చదరపు మూలతో ఇంకొకటి చేశారు. మీరు దుకాణంలో చూసిన రెండో రకం ఇదే. ఆ చదరపు మూల కూడా కొత్తది కాదు, 1840ల చివర కోల్ట్ చేసిన డ్రాగూన్ రివాల్వర్లను చూసి తెచ్చుకున్నది. అలంకారంగా బాగుంటుంది. నేను మోసపోయింది ఆ అందానికే.

పాతది ఒకటి ఎవరో అమ్ముతుంటే కొన్నాను. పొడవాటి పిడి కదా, నా చెయ్యి మొత్తం పడుతుంది అనుకున్నాను. పట్టింది కూడా. చిటికెనవేలు దాకా అన్ని వేళ్లూ పిడి మీదే ఉన్నాయి. గట్టి తూటాలు అయిదు వేసి మొదటిది పేల్చగానే ఆ చదరపు మూల వచ్చి నా నడిమి వేలి కణుపు మీద సుత్తితో కొట్టినట్టు కొట్టింది. పొరపాటు పట్టు అనుకుని రెండోది పేల్చాను. మూడోది పేల్చలేదు. వారం రోజులు అన్నం చెంచాతో కలుపుకుని తిన్నాను. తప్పు తుపాకీది కాదు. పిడి పొడవును చూసుకున్నాను కానీ గార్డుకూ నడిమి వేలికీ మధ్య ఖాళీ చూసుకోలేదు. పిడి దొర్లాలంటే గార్డు వెనుక ఆ వేలికి కాస్త చోటుండాలి. చిన్న చేతులవాళ్లు పొడవు పిడిని పట్టుకున్నప్పుడు తెలియకుండానే చేతిని బాగా పైకి తోస్తారు, వేలు వెళ్లి గార్డుకు ఆనుకుంటుంది. మీకు చేతులు చిన్నవని రాశారు కాబట్టి ఆ రెండోదాన్ని పక్కన పెట్టేయండి. ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దు.

ఇక బిస్లీ. ఇక్కడ పేరుతోనే ఒక చిక్కుంది. బిస్లీ అన్నది ఇంగ్లండులో సర్రే ప్రాంతంలోని ఊరు. పెద్ద ఎత్తున గురి పోటీలు జరిగే మైదానం అక్కడ ఉంది. ఆ పోటీల పేరు మీద కోల్ట్ 1894లో ఒక గురి రివాల్వర్ తెచ్చింది. దాని పిడి బాగా నిట్రంగా, కింద లోపలికి వంగి ఉంటుంది, హ్యామర్ కొనను వెడల్పు చేసి బాగా కిందికి దించారు. రూగర్ 1980లలో అదే పేరుతో తెచ్చిన పిడి దీనికి మనవడి లాంటిది, ముఖకవళికలు కలుస్తాయి కానీ స్వభావం వేరు. ఇంటర్నెట్‌లో ఒకరు కోల్ట్ బిస్లీని తిడుతుంటే ఇంకొకరు రూగర్ బిస్లీని మెచ్చుకుంటూ వాదించుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. మీకు దుకాణంలో చూపించింది దాదాపు ఖాయంగా రూగర్‌దే.

ఈ పిడి వీపు హ్యామర్ వెనుక బాగా ఎత్తుదాకా వెళ్తుంది, వంపు తక్కువ. దాంతో చెయ్యి పైకి, బ్యారెల్‌కు దగ్గరగా కూర్చుంటుంది. తన్ను గుండ్రంగా తిరగడానికి దారి లేక నేరుగా అరచేతి మీదికి వస్తుంది. ముక్కు తక్కువ లేస్తుంది. .44 మాగ్నం, గట్టిగా నింపిన .45 కోల్ట్, ఇంకా పై రకాలు కాల్చేవాళ్లు చాలామంది దీనికే ఓటు వేస్తారు, నేనూ వేస్తాను. టెక్సాస్‌లో అడవిపందుల వేట చట్టబద్ధం, పంటల్ని తవ్వేస్తున్నాయని రైతులే పిలిచి చంపమంటారు. మీరు దానికోసం కొంటున్నట్టయితే ఇంకేమీ ఆలోచించకుండా బిస్లీ తీసుకోమనేవాణ్ణి. చిన్న చేతులకు అది పనికిరాదనే మాట కూడా నిజం కాదు. హ్యామర్ కొన కిందికి ఉండటం వల్ల పొట్టి బొటనవేలుకు అది ఇంకా సులువుగా అందుతుంది.

కానీ మీ ఉత్తరంలో పందుల ప్రస్తావన లేదు. వారానికో పదిహేను రోజులకో వెళ్లి, కాగితం మీద గురిచూసి, యాభై తూటాలు కాల్చి ఇంటికొచ్చే మనిషి మీరు. మెత్తటి తూటాలకు బిస్లీ పిడి అవసరం లేదు. నా చేతికైతే అది బిగుసుకుపోయినట్టు కూడా అనిపిస్తుంది, దొర్లించే ఆనందం అందులో లేదు. కాబట్టి మీకు నా మాట మేడికే. మీ నాన్నగారు గెలిచారు.

అయితే మేడిలోనూ రకాలున్నాయి. దుకాణదారు మీకు ఈ సంగతి చెప్పి ఉండడు. రూగర్ మొదట కోల్ట్‌ను చూసి చేసిన పిడిని ఎక్స్‌ఆర్3 అంటారు. 1963 నుంచి దాన్ని మార్చి వేళ్లకు చోటు పెంచిన పిడి వేశారు, దాని పేరు చివర 'రెడ్' అని చేరుతుంది. ఇప్పటి మామూలు బ్లాక్‌హాక్‌ల మీద ఉన్నది ఆ పెద్దదే. 2005లో న్యూ వాకేరో అనే రూగర్ రివాల్వర్ వచ్చినప్పుడు చట్రాన్ని చిన్నది చేసి, పిడిని కూడా పాత కోల్ట్ కొలతకు తెచ్చారు. చూస్తే తేడా వెంట్రుకవాసి. చేత్తో పట్టుకుంటే మాత్రం చిన్న చెయ్యి వెంటనే గుర్తుపడుతుంది. మీరు అడగాల్సింది ఈ చిన్న పిడి ఉన్నదే. ఇటలీలో ఉబెర్టీ, పియెట్టా చేసే నకళ్లకు కూడా ఇదే వంపు, ధర కోల్ట్ అసలుదానికంటే బాగా తక్కువ.

ఇంకో రెండు పిడుల పేర్లు మీ చెవిన పడతాయి. కోల్ట్ 1860 ఆర్మీ పిడి అని ఒకటుంది, మేడినే కొంచెం పొడిగించినట్టుంటుంది. కోల్ట్ తరహా రివాల్వర్లకు దాన్ని బిగించుకునే వీలుంది. చిటికెనవేలు గాలిలో వేలాడుతోందని బాధపడే పెద్ద చేతులవాళ్లకు అది వరం, మీకు అక్కర్లేదు. బర్డ్స్ హెడ్ అని గుండ్రంగా పక్షి తలలా ముగిసే పొట్టి పిడి ఇంకొకటి. ముద్దుగా ఉంటుంది, అంతే. దుస్తుల లోపల దాచుకునేవాళ్ల కోసం పుట్టింది. రేంజిలో ఒక గంట తర్వాత చేతిలోంచి జారిపోవాలని చూస్తుంది.

చిటికెనవేలి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కోల్ట్ కొలత పిడి మీద చాలామంది మగవాళ్లకు చిటికెనవేలు పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. దాన్ని మడిచి పిడి అడుగున పెట్టుకుంటే పీటలా ఆనుతుంది, దొర్లినప్పుడు ఆపుతుంది. మొదటి రోజు వింతగా ఉంటుంది, మూడోనాటికి అది లేకుండా కాల్చలేరు.

మీరింకా ఊళ్లోనే ఉంటే ఒక పని చేయండి. కుండలు చేసేవాళ్ల దగ్గర కాస్త బంకమట్టి అడిగి తెచ్చుకోండి. జానెడు పొడవు ముద్ద చేసి, మేడిని పట్టుకున్నట్టు వదులుగా పట్టుకుని, చెయ్యి చాచి, కళ్లు మూసుకుని ఎదురుగా ఉన్న గోడ మీద ఒక చోటును చూపుడువేలితో చూపించండి. ఇప్పుడు మెల్లగా నొక్కి వదలండి. మట్టి మీద పడిన గుర్తులే మీ చెయ్యి అడుగుతున్న పిడి. నడిమి, ఉంగరపు, చిటికెన వేళ్లు మూడూ కలిపి ఎంత వెడల్పు ఆక్రమించాయో దర్జీ టేపుతో కొలిచి రాసుకోండి. అరచేతి గుంట ఎంత లోతుగా నిండిందో చూడండి. గుంట నిండా మట్టి ఉంటే మీకు బలిసిన చెక్కలు కావాలి, పలచగా ఉంటే సన్నవి. మీ నాన్నగారి చేతా ఒక ముద్ద పట్టించండి, ఆయన గుర్తులు మీవాటికంటే వదులుగా ఉంటాయని పందెం.

తిరిగి దుకాణానికి వెళ్లినప్పుడు తుపాకీ చేతికి రాగానే అది ఖాళీదని మీరే చూసుకోవాలి. అమ్మేవాడు ఇప్పుడే చూశాడని మీరు మానేయకూడదు. కుడివైపు చిన్న తలుపు తెరిచి, సిలిండర్ తిప్పుతూ ఆరు గదులూ ఒక్కొక్కటిగా చూడాలి. తర్వాత ముక్కు ఏ వైపు పెట్టాలో వాళ్లను అడిగి, మట్టితో చేసిన పరీక్షే మళ్లీ చేయండి. కళ్లు మూసుకుని ఎత్తి, తెరిచి చూస్తే బ్యారెల్ కొన మీది గురిముల్లు వెనుక గాడిలో ఉందా? ముక్కు ఆకాశం చూస్తోందా, నేల చూస్తోందా? నేల చూస్తే ఆ పిడి మీది కాదు. పట్టు మార్చకుండా బొటనవేలితో హ్యామర్‌ను పదిసార్లు లాగి, మరో బొటనవేలి సాయంతో నెమ్మదిగా దించండి. అయిదోసారికి చెయ్యి జరుపుకోవాల్సి వస్తే అదీ మీది కాదు. నడిమి వేలికీ గార్డుకూ మధ్య ఒక పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. నా వాచిన కణుపు కొలిచి చెప్పిన లెక్క అది.

దుకాణదారు 'ముందు ఇది తీసుకోండి, నచ్చకపోతే పిడి మార్చుకోవచ్చు' అనవచ్చు. చెక్కలు మార్చుకోవడం తేలికే, ఒక మర తీస్తే చాలు. చట్రం మార్చడం వేరే పని. రూగర్‌లో పిడి చట్రం ఒకే లోహపు ముక్క, లోపల తీగచుట్ట స్ప్రింగు ఉంటుంది. కోల్ట్‌లో వీపు పట్టీ ఒక ముక్క, గార్డు ఒక ముక్క, లోపల బద్ద స్ప్రింగు. దేన్ని మార్చినా రెండు లోహాలు కలిసేచోట ఆకురాయితో అరగదీసి సమం చేయాలి, పైపూత పోతుంది. రూగర్ మామూలు పిడి తీసి బిస్లీ వేయాలంటే హ్యామర్, ట్రిగ్గర్ కూడా మార్చాల్సిందే. ఆ ఖర్చుతో ఇంకో రివాల్వర్‌కు సగం డబ్బు వస్తుంది.

తూటా గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మూడూ .45 అయితే నాలుగోది .357లో అడగండి. .357 మాగ్నం రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు కూడా నిశ్చింతగా కాలుతాయి. అవి చవక, మెత్తన, మీ చేతికి పిడి నేర్పించేవి అవే. .45లో దర్పం ఉంది, ఒప్పుకుంటాను, ఆ లావు తూటాలు ఒక్కొక్కటి లోపలికి జారుతుంటే వచ్చే చప్పుడు వేరు. కానీ పెట్టె కొనేటప్పుడు దర్పానికి కూడా లెక్క కట్టాల్సి వస్తుంది. డబ్బు మరీ చూసుకుంటే 2019లో వచ్చిన రూగర్ రాంగ్లర్ ఉంది, .22 తూటాది, ఈ జాతిలో చవకైనవాటిలో ఒకటి. ఒక ఏడాది దానితో అలవాటు చేసుకుని పెద్దదానికి వెళ్లినా నష్టం లేదు. బ్యారెల్ పొడవు అయిదున్నర అంగుళాలు తీసుకోండి, ఎక్కువ ఆలోచించకండి.

ఒక్క విషయంలో మాత్రం నేను బతిమాలుతాను. కోల్ట్ పద్ధతి రివాల్వర్లలోనూ, 1973కు ముందు చేసిన రూగర్లలోనూ హ్యామర్ దించి ఉన్నప్పుడు దాని సూది తూటా మీదే ఆనుతుంది. కిందపడితే పేలుతుంది. పాతకాలం నుంచీ వాటిలో అయిదే నింపుతారు. ఒకటి వేసి, ఒక గది వదిలి, నాలుగు వేసి, హ్యామర్ పూర్తిగా లాగి దించితే అది ఖాళీ గది మీద కూర్చుంటుంది. 1973 తర్వాతి రూగర్లలో ట్రిగ్గర్ లాగితేనే పైకి లేచి హ్యామర్ దెబ్బను సూదికి చేరవేసే పట్టీ ఒకటి ఉంది, ఆరు నింపవచ్చు. పాత రూగర్ ఎవరైనా అమ్మితే కంపెనీకి పంపిస్తే ఆ పట్టీని ఉచితంగా అమర్చి ఇస్తారు. నకళ్లు కొంటే ఏ పద్ధతో అడిగి తెలుసుకోండి. తెలియకపోతే అయిదే. ఇంట్లో పిల్లలుంటే పెట్టె, తాళం, తూటాలు వేరే చోట. ఇది చర్చించే విషయం కాదు.

ఎర్రచందనం సంగతి. వద్దు. శేషాచలం, పాలకొండలు, లంకమల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టు అది. దాన్ని కొట్టడం, దాచడం, దేశం దాటించడం ఎంత పెద్ద నేరమో కడప జిల్లావాళ్లకు నేను చెప్పాలా? రెండు బిళ్లల కోసం అరచేతి ముక్క పెట్టెలో పెట్టుకున్నా విమానాశ్రయంలో ఎవరూ 'పిడి చెక్క కదా, పోనీలే' అనరు. అమెరికాలో 'సాంబర్ స్టాగ్' అని ముదురు గోధుమరంగు గరుకు కొమ్ము చెక్కలు మంచి ధరకు అమ్ముతారు. అది మన నల్లమలలో తిరిగే కణుజు కొమ్మే. మన దేశం ఎగుమతి ఆపేశాక పాత నిల్వలకు అంత ధర వచ్చింది. కాబట్టి ఎవరి పాత పెరటి గోడకో వేలాడే కొమ్ము మీద కూడా కన్నేయకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కొమ్మునూ వదలదు.

మన ఊరి వాసన కావాలంటే దారి ఉంది. టెక్సాస్‌లో మెస్కీట్ అనే ముళ్లచెట్టు ఎక్కడ చూసినా ఉంటుంది. మన చెరువులన్నింటినీ మింగేసిన సర్కారు తుమ్మకు అది అక్కచెల్లెలు. ఒకే కుటుంబం, అదే ముల్లు, అదే మొండితనం. ఆ చేవ గట్టిది, ఎండకూ చెమ్మకూ వంకర పోదు, నూనె పట్టిస్తే ఎర్రటి మట్టి రంగు తేలుతుంది. చెక్కలు చేసి అమ్మేవాళ్లు అక్కడే దొరుకుతారు. కంపచెట్టును తిట్టుకుంటూ పెరిగిన చేతికి దాని పిడే పట్టించడంలో ఒక తమాషా కూడా ఉంది.

నాన్నగారి కోరిక గురించి. విదేశం నుంచి సొంతానికి రివాల్వర్ తెచ్చుకోవడం 1980ల నుంచి మామూలు మనుషులకు మూసుకుపోయిన దారి, పేరున్న క్రీడాకారులకు పోటీల కోసం మాత్రమే మినహాయింపు. తాతగారి లైసెన్సు తాతగారితోనే పోయింది, అది పొలంలా వారసత్వంగా రాదు. ఇక్కడ ఎవరికైనా కావాలంటే 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం కలెక్టరు దగ్గర కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, కారణం చూపించి, పోలీసు విచారణ దాటి తెచ్చుకోవాలి. వచ్చినా దొరికేది కాన్పూర్ ఫ్యాక్టరీలో చేసే .32 రివాల్వర్ లాంటిది, మధ్యకు విరిచి తూటాలు నింపే పాత వెబ్లీ పద్ధతి, డబుల్ యాక్షన్. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్లో అప్పగించి, మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. మన సీమను సినిమాల్లో చూసినవాళ్లు ఇంటింటికీ ఒకటుంటుందనుకుంటారు కానీ, లైసెన్సున్నవాళ్లను అడిగితే అది ఎద్దును మేపడం కంటే ఎక్కువ పని అంటారు.

దీనికంటే ముఖ్యమైన మాట ఒకటి. మీరు రేంజికి తీసుకెళ్లే సంచి, ప్రయాణానికి తెచ్చుకునే సంచి ఒకటే అయితే ఇప్పుడే దాన్ని తిరగేసి మంచం మీద దులపండి. పక్క జేబులు, జిప్పుల కింది మడతలు, బూట్ల లోపల కూడా. మరిచిపోయిన ఒక్క తూటా మన విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికితే అది ఆయుధ చట్టం కింద కేసే. అమెరికా నుంచి వచ్చినవాళ్లు అలా విమానం తప్పిపోయి పోలీసు స్టేషన్లో కూర్చోవడం పత్రికల్లో తరచూ వస్తుంటుంది. ఇకనుంచి రేంజికి వేరే సంచి పెట్టుకోండి.

నాన్నగారు ఎప్పుడైనా విజిటర్ వీసా మీద మీ దగ్గరికి వస్తే ఆయనను రేంజికి తీసుకెళ్లండి కానీ తుపాకీ చేతికి ఇవ్వకండి. సందర్శకులు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆయన చెవులకు మఫ్లు పెట్టుకుని వెనుక బెంచీ మీద కూర్చుంటే చాలు. మీరు ఆరు కాల్చి తిరిగి చూడండి. మణికట్టు బిగించారో, దొర్లనిచ్చారో ఆయన చెప్పేస్తారు.